మిరప బస్తాల లారీ, నాటకాల బ్యాటరీ

మోకాళ్ళు పోయాయి, నడుము పోయింది, ఎడమ చెవి ఎప్పుడో పోయింది. నోరు మాత్రం బాగానే ఉందని, మా షాపు ఇప్పుడు నడుపుతున్నవాళ్ళు నన్ను పట్టుకుని, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం నాలుగు సంగతులు రాసిపెట్టమన్నారు. రాస్తాను గానీ, ఇది చదివి ఎవరైనా ఉత్సాహం తెచ్చుకుంటారని నాకు నమ్మకం లేదు. బండి కింద పడుకుని చేసే పనిలో ఉత్సాహం మొదటి ఏడాదే అయిపోతుంది. ఆ తర్వాత అలవాటు మీద నడుస్తుంది.

ఇప్పుడు మీరు ఆల్టర్నేటర్ అంటున్నారు. పాతది విప్పి, అట్టపెట్టెలోంచి కొత్తది తీసి బిగిస్తున్నారు. మా రోజుల్లో ఆ చోట డైనమో ఉండేది. చేసే పని అదే. ఇంజను తిరుగుతుంటే బెల్టు దాన్ని తిప్పుతుంది, అది కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది. నేను చెప్పేది యాభైలు, అరవైల సంగతి. మా షాపు ఒంగోల్లో, అప్పట్లో ఒంగోలు వైపంతా గుంటూరు జిల్లాయే. లారీలు చాలావరకు యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన పెట్రోలు బళ్ళు. అవి ఆగిపోదల్చుకుంటే మా షాపు ముందు ఆగేవి కావు. పర్చూరు అవతల రేగడి చేలల్లోనో, కనిగిరి రోడ్డు మీదో, లేకపోతే ఓనరు ఇంటి వాకిట్లోనో ఆగేవి. డైనమోని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కి మేమే వెళ్ళేవాళ్ళం. నా ఉద్యోగం అసలు అదీ, ఎవరెవరి వాకిళ్ళలోనో వెల్లకిలా పడుకోవడం.

దూది, కారం, కొబ్బరినీళ్ళు

డైనమో ఎందుకు పాడవుతుందో పుస్తకాల్లో ఉంటుంది. మన నేల మీద అది పాడయ్యే తీరే వేరు. పత్తి తోలే లారీ డైనమో విప్పితే గాలి రంధ్రాల నిండా దూది ఉండేది. చిన్న తలగడ కుట్టుకోవచ్చు. దూది నిండితే లోపల గాలాడదు, గాలాడకపోతే లోపలి రాగితీగల వైండింగు మాడుతుంది. మిరపకాయలు తోలే లారీది విప్పేటప్పుడు ముందు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి అలవాటు కొద్దీ నోటితో ఊదాను. నేను తుమ్మడం సరే, ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చున్నవాళ్ళు కూడా కప్పులు పక్కన పెట్టి తుమ్మారు.

ఇక ఆయుధపూజ. లారీకి పసుపు రాస్తారు, కుంకుమ పెడతారు, నిమ్మకాయలు కడతారు, అంతవరకు బాగానే ఉంటుంది. కొబ్బరికాయ మాత్రం సరిగ్గా డైనమో మీదే కొట్టేవాళ్ళు. ఇంజను బానెట్ ఎత్తితే గుండ్రంగా, గట్టిగా, చేతికందేది అదే మరి. కొబ్బరినీళ్ళు తిన్నగా లోపలికి పోయేవి. దసరా వెళ్ళిన మర్నాడు మా షాపు ముందు లారీలవాళ్ళు బారులు తీరేవాళ్ళు. "బంపరు మీద కొట్టండయ్యా" అని ఏడాదికోసారి మొత్తుకునేవాణ్ణి. "బంపరు కరెంటు ఇస్తుందా ఏంది?" అనేవాళ్ళు.

కోటయ్య మేస్త్రీ

నేను పని నేర్చుకుంది కోటయ్య మేస్త్రీ దగ్గర. షాపు ఆయనదే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కాలిపోయిన డైనమోని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నిన్న కాలిందో మొన్న కాలిందో చెప్పేవాడు. పండక్కి అందరికీ బట్టలు పెట్టేవాడు, మామూలు రోజుల్లో అందరినీ తిట్టేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మంచి మాట ఒకటుంది. "బండికి ఏం పాడైందని అడక్కు, వాళ్ళకి తెలిస్తే మన దగ్గరికెందుకొస్తారు? ఈ మధ్య బండికి ఏం జరిగిందో అడుగు" అనేవాడు. మీరు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు, మిగతాది చదవకపోయినా నేనేం అనుకోను.

ఆయనలో చెడ్డ గుణం కూడా ఒకటుంది. విద్య దాచుకునేవాడు. ఆ రోజుల్లో డైనమోకీ బ్యాటరీకీ మధ్య కటౌట్ అని చిన్న డబ్బా ఉండేది. అదొక తలుపు అనుకోండి. డైనమో తిరుగుతుంటే కరెంటుని బ్యాటరీలోకి పోనిస్తుంది, ఇంజను ఆగగానే మూసుకుని, బ్యాటరీ కరెంటు వెనక్కి రాకుండా ఆపుతుంది. దానిలో కరెంటుని కలిపే చిన్న లోహపు బిళ్ళలుంటాయి, పాయింట్లంటారు. అవి కరిగి అతుక్కుపోతే తలుపు తెరిచే ఉండిపోతుంది. అప్పుడు బ్యాటరీలో ఉన్నదంతా డైనమోలోకి పారి దాన్ని కాల్చేస్తుంది. ఆ పాయింట్లు సరిచేయడం మా షాపులో మేస్త్రీ ఒక్కడికే తెలుసు. కటౌట్ బల్ల మీదికి రాగానే ఆయన గోడ వైపు తిరిగి, మాకు వీపు పెట్టి కూర్చునేవాడు. మేం మెడలు సాచినా చొక్కా తప్ప ఏమీ కనబడేది కాదు. నేర్పితే రేపు ఎదురు షాపు పెట్టుకుంటామని ఆయన భయం. ఆ భయం మేస్త్రీలందరికీ ఉండేది, ఇప్పటికీ కొందరికి ఉంది. దానివల్ల నష్టపోయేది ఎక్కడో వాకిట్లో బండి ఆగిపోయి కూర్చున్నవాళ్ళు.

నాగభూషణం గారి వాకిలి

పర్చూరు దాటాక రేగడి నేలల్లో ఒక ఊరు. ఊరి పేరు రాయను. అక్కడ నాగభూషణం గారని ఒకాయనకి ఒకటే లారీ ఉండేది. తనే ఓనరు, తనే డ్రైవరు. డైనమో కాలిపోయిందని మనిషిని పంపితే మేస్త్రీ ఇంకోటి ఇచ్చి పంపాడు. ఆయన దాన్ని ఇంటి దగ్గర తనే బిగించుకున్నాడు. అదీ కాలిపోయింది. ఆ కాలిపోయింది పట్టుకుని ఆ మనిషే మళ్ళీ వచ్చేసరికి మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అది లారీయా, రాక్షసా? డైనమోలు మింగుతోంది! నువ్వే పోరా. బిగించి, చార్జింగు చూపించి రా. డైనమో వెనక్కి పట్టుకొచ్చావంటే నీ మొహం చూడను" అని మూడోదాన్ని నా చేతిలో పెట్టాడు.

శివరాత్రి వెళ్ళి కొన్నాళ్ళయింది, ఎండలు ముదురుతున్నాయి. నేను బస్సు దిగి, కాలిబాట పట్టి, పొద్దెక్కేసరికి ఆ వాకిలికి చేరాను. లారీ నిండా మిరప బస్తాలు ఎత్తి ఉన్నాయి. బస్తాల మీద ఒకావిడ కూర్చుని, కుట్టు కొంచెం విప్పిన ఒక బస్తాలోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి చూస్తోంది. ఆవిడ రత్తమ్మ గారు, నాగభూషణానికి అక్క. భర్త పోయాక తమ్ముడి ఊరికే వచ్చి, కౌలుకి పొలం తీసుకుని మిరప వేసింది.

"నాయనా, చెయ్యి పెట్టి చూడు" అంది నాతో మొదటి మాటగా.

పెట్టాను. లోపల వెచ్చగా ఉంది.

మిరప సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది. అలాగే బస్తాలో పోసి తొక్కితే పొడైపోతుంది. అందుకని మనవాళ్ళు నీళ్ళు చిలకరించి, కాయ మెత్తబడ్డాక బస్తాకెత్తి తొక్కుతారు. తొక్కిన బస్తా ఊళ్ళో నిలవుండకూడదు. వెంటనే గుంటూరు కమిషన్ కొట్టుకి పోయి, అక్కడ విప్పి ఆరబోయాలి. లేకపోతే లోపలి చెమ్మకి వేడెక్కి, కాయ నల్లబడి, బూజు పడుతుంది. రత్తమ్మ గారి కాయకి నీళ్ళు చల్లి, తొక్కి, లారీకెత్తాక లారీ కదల్లేదు. నిన్నంతా అలాగే ఉన్నాయి.

"ఈ కాయ పోతే వచ్చే ఏడు నాకు పొలం ఇవ్వరు. ఇవ్వబోమని ఆసాములు ఇప్పటికే సగం చెప్పారు, ఆడదానికి కౌలేందని" అంది. ఏడవలేదు. బస్తా కుట్టు మళ్ళీ వేసుకుంటూ చెప్పింది.

నాగభూషణం గారు ఇంట్లోంచి వచ్చాడు. ఆరడుగుల మనిషి, భుజాల దాకా జుట్టు, మెలితిప్పిన మీసం. డ్రైవరు వాలకం కాదు. ఊళ్ళో పౌరాణిక నాటకాల్లో రాజు వేషం ఆయనదేనని, ఆ సాయంత్రం మళ్ళీ నాటకం ఉందని ఐదు నిమిషాల్లోనే తెలిసింది. ఎందుకంటే నాకు పానా అందిస్తూ కూడా పద్యం సాధన చేస్తున్నాడు. గొంతు మాత్రం చెప్పుకోవాలి. రాగం తీస్తే లారీ రేకు అదిరింది.

నేను డైనమో సంచిలోంచి తీయలేదు. మేస్త్రీ చెప్పినట్టే అడిగాను.

"ఈ మధ్య బండికి ఏమైనా జరిగిందా అండీ?"

"ఏం జరగలా. నిజం చెప్పాలంటే ఈ బండికి డైనమో కలిసిరావట్లా గానీ, చార్జింగు బ్రహ్మాండమండీ. ఇంజను ఆపేసి లైట్లు వేసినా మీటరు సూది చార్జి వైపే పోయేది!"

ఇంజను ఆగి ఉండగా లైట్లు వేస్తే బ్యాటరీ ఖర్చవుతుంది, సూది ఖర్చు వైపు పోవాలి. అది చార్జి వైపు పోతోందంటే బ్యాటరీ తిరగబడి ఉన్నట్టు.

"ఎప్పట్నించి అలా?"

"తిరునాళ్ళలో మొదటి నాటకం ఆడిన కాడి నుంచి."

"నాటకానికీ లారీకీ ఏం సంబంధమండీ?"

"మైకు సెట్టుకి బ్యాటరీ మనదేగా!" అన్నాడు, నేనేదో లోకజ్ఞానం లేనివాణ్ణయినట్టు.

ఆ ఊరికి అప్పటికి కరెంటు లేదు. ఆ మాటకొస్తే ఆ చుట్టుపక్కల చాలా ఊళ్ళకి లేదు. నాటకమైనా, పెళ్ళయినా, మీటింగయినా మైకు సెట్టుకి ఊళ్ళో ఉన్న లారీ బ్యాటరీనే విప్పుకుపోయేవాళ్ళు. అది మామూలు. అడిగితే లేదనడం మర్యాద కాదు. ఇక్కడ అడిగినవాడూ, ఇచ్చినవాడూ, పాడినవాడూ ఒకడే. నాటకం అయ్యాక మైకువాడు బ్యాటరీని తెచ్చి అటుది ఇటు పెట్టి బిగించాడు. బ్యాటరీ టెర్మినళ్ళు రెండూ ఒక లావు ఉండవు. ప్లస్ లావుగా, మైనస్ కాస్త సన్నగా ఉంటాయి. తప్పు పెడితే వైరు చివర ఉండే క్లాంపు పట్టదు, మనిషికి అనుమానం రావాలి. మైకువాడికి రాలేదు. ఒక క్లాంపుని ఎడంగా వంచాడు, వదులుగా ఉన్న రెండోదానికి సిగరెట్టు పెట్టెలోని రేకుకాగితం చుట్టాడు. ఆ కాగితం నేను వెళ్ళేసరికి ఇంకా మెరుస్తూ ఉంది.

కటౌట్ మూత తీశాను. బ్యాటరీ తిరగబడటంతో ఒక్కసారిగా పారిన కరెంటుకి పాయింట్లు కరిగి అతుక్కుపోయి ఉన్నాయి. తలుపు తెరిచే ఉండటంతో బ్యాటరీ అంతా డైనమోలోకి పారి రెండూ పోయాయి. డైనమో కాలింది, బ్యాటరీ ఖాళీ. రెండో డైనమో కూడా అందుకే కాలింది. నేను తెచ్చిన మూడోది బిగించినా అదే గతి. పాయింట్లు విడదీయగలను. ఎంత ఎడం పెట్టాలో, స్ప్రింగు ఎంత బిగువుండాలో నాకు తెలియదు. ఆ విద్య మేస్త్రీ వీపు అవతల ఉండిపోయింది. ఆ క్షణంలో ఆయన మీద వచ్చిన కోపం నాకు చాలా ఏళ్ళు ఉంది.

"ఇది బిగించను" అన్నాను.

"బిగించకపోతే ఎందుకు తెచ్చావయ్యా, ఊరేగించడానికా?" అన్నాడు నాగభూషణం గారు.

చెప్పాను. పట్టపగలు గుంటూరు పోవడానికి డైనమో అక్కర్లేదు. పెట్రోలు ఇంజనుకి నిప్పురవ్వ కావాలి, అది నిండుగా ఉన్న బ్యాటరీ ఇస్తుంది. లైట్లు వేయకుండా, హారన్ కొట్టకుండా, దారిలో ఇంజను ఆపకుండా పోతే చేరతాం. కటౌట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. కావలసిందల్లా నిండు బ్యాటరీ ఒకటి.

"ఊళ్ళో నిండు బ్యాటరీ ఎక్కడుంది?" అన్నాడు ఆయన. అని, తనే స్టేజీ వైపు చూశాడు.

సాయంత్రం నాటకానికి మైకువాడు చీరాల నుంచి చార్జింగు చేయించి తెచ్చిన బ్యాటరీ స్టేజీ కింద ఉంది. అది తీస్తే మైకు లేదు. లారీ పోతే డ్రైవరూ పోవాలి. లైట్లు లేని లారీ పొద్దుగూకాక తిరిగి రావడం కుదరదు. అంటే రాజు వేషం కూడా లేదు. ఆయన కొంచెంసేపు మీసం దువ్వుకున్నాడు.

"రేపు తెల్లారగానే పోదాం అక్కా. ఒక్క పూటేగా" అన్నాడు.

రత్తమ్మ గారు బస్తాల మీది నుంచి దిగింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని, తీసుకెళ్ళి, ఇందాకటి బస్తాలో పెట్టించింది.

"ఒరేయ్ భూషణం, నీ పద్యమంటే ఊళ్ళో అందరికంటే నాకే ఇష్టంరా. రేపటికి ఈ చెయ్యి ఇందులో పెట్టగలవా?"

ఆయన చెయ్యి తీశాడు. స్టేజీ వైపు నడిచాడు. మైకువాడి కేకలు మాకు వినిపించాయి. ఈయన మాట ఒక్కటీ వినపడలేదు. కాసేపటికి బ్యాటరీని తనే భుజాన వేసుకుని వచ్చాడు.

నేను చేసిన పని చిన్నదే. లావు టెర్మినల్ ఏదో చూసి బ్యాటరీ సరిగ్గా పెట్టాను. క్లాంపులు మళ్ళీ వంచి బిగించాను. ఆ బెల్టే నీళ్ళ పంపుని కూడా తిప్పుతుంది కనుక డైనమో చోటు ఖాళీగా ఉంచకూడదు. లారీలో పడేసి ఉన్న, మొదట కాలిపోయిన డైనమోనే ఆ చోట బిగించి, వైర్లు దానికి తగిలించకుండా కొసలకి టేపు చుట్టి, ఉత్త చక్రంలా తిరగనిచ్చాను. బ్యాటరీ మీద భారం పడకుండా హ్యాండిల్ కొట్టి స్టార్టు చేశాం. నాగభూషణం గారు, రత్తమ్మ గారు, నేను, ముగ్గురం క్యాబిన్‌లో కూర్చున్నాం, నా ఒళ్ళో మేస్త్రీ ఇచ్చిన డైనమో.

మిరప రోజుల్లో గుంటూరు రోడ్డంటే ఎడ్లబళ్ళ వరస. హారన్ లేకుండా ఎలా దాటాలి? మొదటి బండి అడ్డం రాగానే నాగభూషణం గారు కిటికీలోంచి తల బయటపెట్టి పద్యం ఎత్తుకున్నాడు. రాజు వేషం గొంతు, పూర్తి రాగంతో. బండివాడు ఉలిక్కిపడి చూసి, ఎడ్లని పక్కకి లాగి, నవ్వుతూ దారిచ్చాడు. అలా సాయంత్రం నాటకంలో పాడాల్సినవన్నీ గుంటూరు దాకా బళ్ళవాళ్ళకి పాడుకుంటూ వచ్చాడు. ఒకడు బండి ఆపి "వన్స్ మోర్!" అని అరిచాడు. ఇంజను ఆపకూడదు కదా, ఆగకుండానే మళ్ళీ పాడాడు. రత్తమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పొద్దు ఉండగానే కొట్టుకి చేరాం. అడుగు వరసలో బస్తాలు కొన్ని నల్లబడ్డాయి. మిగతాది నిలిచింది. ఆవిడ పొలం కూడా నిలిచిందని తర్వాత విన్నాను.

డైనమో పట్టుకుని షాపులోకి వెళ్ళేసరికి మేస్త్రీ అన్నంత పనీ చేశాడు. మొహం చూడలేదు. వీధి వీధంతా వినేలా తిట్టాడు. నేను లారీలోంచి విప్పి తెచ్చిన, అతుక్కుపోయిన కటౌట్ బల్ల మీద పెట్టి, నాకు రాని పని గురించి చెప్పాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎప్పటిలా గోడ వైపు తిరగలేదు. స్టూలు ఇటు జరుపుకుని కూర్చుని, "కనపడకపోతే ముందుకి రా" అన్నాడు. తప్పయిందని ఆయన ఎప్పుడూ అనలేదు, నేనూ ఆశించలేదు.

చార్జింగుకి వచ్చిన బ్యాటరీ

మరుసటి ఏడు మిరప కోతల్లో రత్తమ్మ గారు మా షాపుకి వచ్చింది. చీరంతా కారం ఘాటు.

"నాకో పాత బ్యాటరీ కావాలయ్యా. నాటకానికి. లారీది ఇంక ముట్టుకోనివ్వను."

"నాగభూషణం గారు బాగా పాడుతున్నారా అమ్మా?"

"ఎక్కడ పాడతాడు? ఆ రోజు దారెమ్మట పాడాడే, అదే ఆఖరు. తన పిచ్చి వల్ల అక్క పొలం పోయేదని లోపల పెట్టుకున్నాడు. జుట్టు తీసేశాడు, మీసం తీసేశాడు. ఇంట్లో పలకరిస్తే ఆ, ఊ తప్ప మాట లేదు."

"మరి పాడనివాళ్ళకి బ్యాటరీ ఎందుకమ్మా?"

"ఇంట్లో కళ్ళెదురుగా ఉంటే ఎన్నాళ్ళు పాడకుండా ఉంటాడో చూస్తా" అంది.

ఉన్నవాటిలో మంచిది ఏరి ఇచ్చాను. ఎవడూ తిప్పి పెట్టకుండా ప్లస్ టెర్మినల్ చుట్టూ ఎర్ర రంగు పూశాను. ఆవిడ దాన్ని కూలివాడి నెత్తిన పెట్టించుకుని బస్టాండుకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అది చార్జింగుకి రాలేదు. తరచూ వాడే బ్యాటరీ అయితే మళ్ళీ మళ్ళీ రావాలి. నెలలు గడిచాయి, వానాకాలం పోయింది, రాలేదు. పని మధ్యలో ఎప్పుడైనా గుర్తొచ్చేది. వాడకపోతే బ్యాటరీ కూడా చచ్చిపోతుంది, ఆ సంగతి ఆవిడకి చెప్పడం మర్చిపోయానే అనుకునేవాణ్ణి.

మళ్ళీ శివరాత్రి వెళ్ళాక ఒక మనిషి బస్సు దిగి, గోనెపట్టాలో చుట్టిన బ్యాటరీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎర్ర రంగు చూసి గుర్తుపట్టాను. చూశాను, ఒక్క చుక్క చార్జి లేదు.

"ఊరికే ఉండి ఖాళీ అయిందా, వాడారా?" అని అడిగాను.

"వాడకపోవడమేందండీ! భూషణం గారు మళ్ళీ వేషం కట్టారు కదా, మైకువాడు చీరాల్లో చార్జింగు చేయించుకొచ్చాడు. మీసం పెరగలేదు, అంటించుకున్నారు. వన్స్ మోర్లు ఎక్కువైపోయి మధ్యలోనే మైకు చచ్చిపోయింది. మిగతా పద్యాలు మైకు లేకుండానే పాడేశారు. ఆఖరి వరసలో రత్తమ్మ గారు కూర్చున్నారు, ఆవిడకి కూడా వినపడిందంట."

నా ఉద్యోగంలో ఖాళీ బ్యాటరీలు లెక్కలేనన్ని చూశాను. ఒకదాన్ని చూసి సంతోషపడింది ఆ ఒక్కసారే. దాన్ని చార్జింగుకి పెట్టి, చెరిగిపోయిన చోట ఎర్ర రంగు మళ్ళీ పూశాను.